ఎర్ర కారు వేగం దొంగ

"నా కారులోంచి ఒకటి పోయిందండీ," అంది ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని.

"ఏం పోయింది?"

"వేగం."

కిటికీ దగ్గర ఫైళ్లు సర్దుతున్న సహాయకుడు ఫక్కున నవ్వాడు. అతన్ని అందరూ హారన్ అంటారు. ఆ గొంతు ఒక్కసారి విన్నవాళ్లెవరూ ఎందుకని అడగరు. డిటెక్టివ్ మాత్రం నవ్వలేదు. బీమా కంపెనీలో ఏళ్ల తరబడి నుజ్జయిన బళ్లు పరీక్షించి, ఆ ఉద్యోగం మాని సొంతంగా కేసులు చూస్తున్న మనిషి ఆవిడ. అందుకే ఊరంతా సర్వేయరమ్మ అంటుంది. వింత కేసు దొరికితే ఆవిడకి ఆకలి కూడా గుర్తుండదు.

"మొదట్నించీ చెప్పమ్మా," అంది.

అమ్మాయి కొండదారి పోటీల్లో కారు నడుపుతుంది. తండ్రిది రిపేరు షెడ్డు. ఈ ఆదివారం జరిగే పోటీ కోసం ఆయన తన చేత్తో ఎర్ర కారుకి సూపర్‌చార్జర్ బిగించాడు.

"మేం బ్లోయర్ అంటామండీ. ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతూ గాలిని లోపలికి కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలిగా, అందుకని పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కూడా నాన్న పెద్దవి పెట్టారు. మొదటి ట్రయల్‌లో తూటాలా పోయింది. మర్నాటికి చతికిలపడింది. బ్లోయర్ ఈల కూడా బొంగురుపోయింది."

"ఎవరి మీదైనా అనుమానమా?"

అమ్మాయి తల దించుకుంది. "షెడ్డులో అందరికీ మా బావ మీదే. ఇంజెక్టర్లు చిన్నవయ్యాయని, ఇంజిన్ కరిగిపోతుందని నాన్నతో వాదించారు. నాన్న అందరి ముందూ కసిరారు. ఇప్పుడు కారు పాడైందంటే కక్ష తీర్చుకున్నాడంటున్నారు. బావ ఈ సాయంత్రం బస్సుకి అక్కని తీసుకుని వెళ్లిపోతున్నారు. మళ్లీ ఈ గడప తొక్కరట. పోటీ పోతే పోనీండి. మా అక్క పోకూడదు."

సర్వేయరమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది.

హారన్ తన పాత కారుని షెడ్డు ముందు ఆపుతుండగానే లోపల్నించి ఓ గొంతు వినబడింది. "ఎవరిదయ్యా ఆ బండి? వాటర్ పంపు బేరింగ్ పోయింది, చూసుకో."

ఆ మాటన్నది అమ్మాయి తండ్రి. పెద్దాయన గేటు వైపు తిరిగి కూడా చూడలేదు. వర్క్‌బెంచి దగ్గర కూర్చుని పాత పిస్టన్‌కి పట్టిన కార్బన్ మసి గీకుతున్నాడు. చెవితోనే జబ్బు చెప్పే మనిషని హారన్ మురిసిపోయాడు.

"మీ కారు ఈల మారిందని అమ్మాయి చెబుతోంది," అంది సర్వేయరమ్మ. "మీకేమైనా తేడా తెలిసిందా?"

"నాకేం తేడా వినబడలేదు."

"ఇంజెక్టర్ల సైజు మీరే లెక్క కట్టారా?"

"ఈ షెడ్డులో ఇంకెవరు కడతారు? చక్రాల దగ్గర ఎంత పవర్ రావాలో చూసుకుని, దానికి ఎంత పెట్రోలు కావాలో లెక్కేసి తెచ్చా. సరిగ్గా సరిపోతాయి."

"మీ అల్లుడి మీద అనుమానమా?"

పెద్దాయన గీకుడు ఆపలేదు. "నేనెవర్నీ ఏమీ అనలేదు," అన్నాడు.

అల్లుడు షెడ్డు వెనక తన పనిముట్లు పెట్టెలో సర్దుకుంటున్నాడు. మాట్లాడటానికి ముందు ఇష్టపడలేదు. ఇంజెక్టర్ల మాటెత్తగానే మాత్రం చేతిలో స్పానరు కింద పెట్టేశాడు.

"బ్లోయర్ ఊరికే తిరగదండీ. దాన్ని తిప్పడానికి ఇంజిన్ పవరే యాభై హార్స్‌పవర్ దాకా ఖర్చవుతుంది. ఆ యాభై చక్రాల దాకా రాదు, కాబట్టి మామయ్యగారి లెక్కలోకి రాలేదు. కానీ దానికీ పెట్రోలు కావాలిగా. పైగా బ్లోయర్ ఉన్న ఇంజిన్ బాగా వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గడానికి మామూలు కంటే కాస్త ఎక్కువే చిమ్మాలి. ఈ ఇంజెక్టర్లు పూర్తిగా తెరుచుకుని ఉన్నా చాలవు."

"చాలకపోతే?"

"పిస్టన్ నెత్తి కరుగుతుంది. కొండ మలుపులో ఇంజిన్ పట్టేసి ఆగిపోయిందనుకోండి, మా మరదలు ఏమైపోతుంది?"

"మరి గట్టిగా మళ్లీ చెప్పలేదేం?"

"నాకు నేర్పే మొనగాడు ఇంకా పుట్టలేదన్నారు మామయ్యగారు, అందరూ వింటుండగా. అల్లుణ్ణండీ, ఎంతకని పడమంటారు? తీరా చూస్తే ఇంజిన్ చెక్కుచెదరలేదు. నా మాటే అబద్ధమైంది."

సర్వేయరమ్మ కళ్లు మెరిశాయి. "సాయంత్రం అందర్నీ కూర్చోబెడతాను. ఏం జరిగినా మీరు నోరు విప్పొద్దు. మాటిస్తారా?"

అతను అయోమయంగా తలూపాడు.

తర్వాత ఆవిడ కారు బానెట్ ఎత్తించి చాలాసేపు వంగి చూసింది. ఇంజిన్‌లో మిగతా బెల్టులన్నీ దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. బ్లోయర్ బెల్టు ఒక్కటే నిగనిగలాడుతోంది. ఈలోగా అరల దగ్గర తచ్చాడుతున్న హారన్ మోచేయి తగిలి రంగు డబ్బాలు దొర్లాయి. వాటి వెనకనుంచి ఓ గుడ్డ మూట బయటపడింది. అందులో బెల్టు తగిలించే చిన్న చక్రం, పుల్లీ ఉంది. తుప్పు పట్టకుండా నూనె రాసి, చీర మడతలా జాగ్రత్తగా చుట్టి పెట్టారు.

"దొరికాడు మేడం," అన్నాడు హారన్, తన మటుకు తను గుసగుసగానే. "ఈ చిన్నది తీసేసి పెద్ద పుల్లీ పెట్టారు. పెద్దది పెడితే బ్లోయర్ నెమ్మదిగా తిరుగుతుంది. పాత బెల్టు పొడుగు చాలదు కాబట్టి కొత్తది వేశారు. ఇది ఆ అల్లుడి పనే."

"కారు చెడగొట్టేవాడు తీసిన సామానుకి నూనె రాస్తాడా, హారన్?"

హారన్ పుల్లీని మళ్లీ గుడ్డలో చుట్టాడు.

సాయంత్రం ఎర్ర కారు చుట్టూ అందరూ చేరారు. పెద్దమ్మాయి సూట్‌కేసుతో గుమ్మం దగ్గరే నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. భర్త పక్కన రాయిలా నిలబడ్డాడు.

"పోయిన వేగం దొరికింది," అంటూ సర్వేయరమ్మ గుడ్డ విప్పి చిన్న పుల్లీని డ్రైవరమ్మాయి చేతిలో పెట్టింది. "ఎవరో దీన్ని తీసి పెద్దది బిగించారు. ఇప్పుడేం చేస్తావు?"

"ఇది మళ్లీ బిగించేస్తా. రేపు కొండ మీద పూర్తి వేగంతో ట్రయల్ చూస్తా."

"మంచిది. బిగించు."

అల్లుడి పెదాలు కదిలాయి, కానీ ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగిపోయాడు. అమ్మాయి స్పానరు తీసుకుని కారు మీదికి వంగింది.

"వద్దమ్మా," అన్నాడు పెద్దాయన.

"ఎందుకండీ వద్దు?" అంది సర్వేయరమ్మ మెల్లగా.

"ఇంజిన్ కరిగిపోతుంది."

"ఇంజెక్టర్లు సరిగ్గా సరిపోతాయన్నారే."

పెద్దాయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఈ కారుని నాశనం చెయ్యాలనుకున్నవాడు దీన్ని ముట్టుకోనక్కర్లేదు," అని సర్వేయరమ్మ అందరి వైపూ తిరిగింది. "అలా వదిలేస్తే అదే కరిగిపోయేది. పుల్లీ మార్చినవాడు ఇంజిన్ని కాపాడాడు. అంటే ఇంజెక్టర్లు చాలవని అతనికి తెలుసు. అది తెలిసింది ఒక్క అల్లుడికేనా? ఆయన పైకే చెప్పాడు, దాచాల్సిన పనిలేదు. పైగా బ్లోయర్ నెమ్మదించి గాలి తగ్గాక ఆ ఇంజెక్టర్లే సరిపోయాయి, ఆయన మాటే అబద్ధమైంది. తన మాట తనే ఎవరు చెడగొట్టుకుంటారు? ఆ పుల్లీ వల్ల నిలిచింది ఒక్కరి లెక్కే. గేటు బయట బేరింగ్ పోతే పట్టేసిన చెవికి తన చేత్తో బిగించిన బ్లోయర్ బొంగురుపోతే వినబడలేదంటే నేను నమ్మలేదు."

"ట్రయల్ అయిన రాత్రి నిద్ర పట్టక మళ్లీ లెక్క వేశా," అన్నాడు పెద్దాయన. "అల్లుడుగారు చెప్పిందే నిజం. పెద్ద ఇంజెక్టర్లు తెప్పిస్తే ఆయన ముందు తల దించాలి. పుల్లీ మారిస్తే ఎవరికీ తెలియదనుకున్నా. నింద ఆయన మీదికి పోయినప్పుడు ఆ రోజే చెప్పేద్దామనుకున్నా. మర్నాటికి ఆ మాట మరీ బరువైపోయింది." ఆయన లేచి అల్లుడి ముందు నిలబడ్డాడు. "తప్పు నాది. నన్ను క్షమించండి."

అల్లుడికి ఇంకా కోపం తగ్గలేదు. "నాకు కాదు మామయ్యగారూ. పాత పుల్లీ మరదలికే దొరికుంటే ఎవర్నీ అడక్కుండా బిగించుకుని కొండెక్కేసేది. ముందు తనకి చెప్పండి."

ఆ సంగతి పెద్దాయనకి అప్పటిదాకా తట్టనేలేదు. చిన్నకూతురి చేతిలోని స్పానరు చూసి ఆయన మొహం పాలిపోయింది. ఆమే వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా," అంది గుమ్మం దగ్గర్నించి పెద్దమ్మాయి. "మేం బస్సెక్కేస్తుంటేనైనా చెప్పేవాడివా?"

పెద్దాయన ఆమె చేతిలోని సూట్‌కేసు వైపు చూశాడు.

"తెలీదమ్మా," అన్నాడు.

హారన్ అంతటివాడు కూడా దగ్గు ఆపుకున్నాడు. అల్లుడు తన పెట్టె మూత తీసి స్పానరు ఒకటి బయటికి తీశాడు. "ఇంజెక్టర్లు నేను విప్పుతాను. కొత్త సైజు ఇద్దరం కూర్చుని కడదాం. నా లెక్కా తప్పవ్వచ్చు," అన్నాడు మామగారి మొహం చూడకుండా.

పెద్దమ్మాయి సూట్‌కేసు లోపలికి తీసుకెళ్లలేదు. గుమ్మంలోనే కింద పెట్టి దానిమీద కూర్చుంది.

"ఆదివారం దాకా ఉంటాం," అంది. "ఆ తర్వాత సంగతి తర్వాత."