కారే కుళాయి

కొన్నవాళ్ళు తిప్పి పంపిన ఇత్తడి కుళాయిలు వరండా నిండా ఉన్నాయి. ఈసారి పంపేవీ కారితే ఇక సరుకే వద్దన్నారు. అంటే కార్ఖానాకు తాళం. తండ్రి పోయాక దాన్ని నడుపుతున్న కూతురు కంచం ముందు కూర్చుంది కానీ తినడం లేదు.

"మొన్న ఆదివారం వాళ్ళని అడిగావా?" అంది తల్లి.

"లేదమ్మా. మంచి కుళాయి తీసుకెళ్ళాను. అందరూ మెచ్చుకున్నారు."

ఆ వీధిలో చిన్న కార్ఖానాల వాళ్ళంతా ఆదివారం కలుస్తారు. తలా ఒక పాడైన వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాలి, ఎలా పాడైందో చెప్పాలి. అదీ పద్ధతి. భర్త ఉన్న రోజుల్లో ఆ బల్ల వీళ్ళింట్లోనే ఉండేది. పగిలిందీ వంకరపోయిందీ చూసి అంత పెద్ద మగవాళ్ళూ చిన్నపిల్లల్లా నవ్వుకునేవారు. ఆమె టీ పోస్తూ వినేది. ఆ సందడి ఇప్పటికీ చెవుల్లోనే ఉంది...

నాన్న పేరు చెడగొట్టిందంటారని భయం వేసిందని కూతురు ఏడ్చింది. ఆదివారం తల్లి కారే కుళాయి ఒకటి సంచిలో వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి, బల్ల మీద పెట్టింది.

పక్క కార్ఖానా ఆయన కూడా కుళాయిలే చేస్తాడు. అందరూ బుంగమీసం అంటారు. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

"మొన్నటి దానికంటే ఇదే బాగుంది వదినా," అన్నాడు. అందరూ నవ్వారు. కూతురు తల దించుకుంది.

కుళాయి లోపలి బోలు కోసం అచ్చులో పెట్టే ఇసుక ముద్దల్ని ఎప్పుడు కాలుస్తావని కూతుర్ని అడిగాడు. పోత పోసే ముందురోజేనని చెప్పింది.

"వానాకాలంలో రాత్రంతా ఉంచితే చెమ్మ పీలుస్తాయి తల్లీ. కరిగిన ఇత్తడి తగలగానే ఆ చెమ్మ ఆవిరై సన్న బెజ్జాలు పడతాయి. పొద్దున కాల్చి, వెంటనే పొయ్యాలి. ఇదే తప్పు చేసి నేను మునిగిపోబోతుంటే మీ నాన్నే చెప్పాడు."

తల్లికి ఆ రోజు గుర్తొచ్చింది. పోటీవాడికి చెప్పేస్తారా అని ఆమె భర్తతో పోట్లాడి, మాట్లాడటం మానేసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు... ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదు బాబాయ్," అంది కూతురు.

"నువ్వప్పుడు అమ్మకాలు చూసేదానివిగా."

కూతురు కుళాయిని చేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది:

"నాన్న ఇంకా ఏమేం చెప్పారు?"

బుంగమీసం ఒక కుర్చీ ఇటు లాగాడు.

"చాలా ఉంది. కూర్చో."

వెళ్దామని లేచిన తల్లి కూడా మళ్ళీ కూర్చుంది.