మూలసీటు ఫోను

ఆ ఆఫీసులో మూలసీటంటే అందరికీ హడలే. పొద్దుగూకి మనుషులు పలచబడ్డాక అక్కడి ఫోను మోగేదట. ఎవరూ ఎత్తరు... ఎత్తకపోయినా స్పీకర్లోంచి చచ్చిపోయినావిడ గొంతు— "సీట్లో లేనండీ. ఇప్పుడే వస్తా."

"అన్నయ్యా, వదిన ఇంకా ఆ సీటు వదల్లేదు," అంది క్యాషియరమ్మ, ఆఫీసు ఫోన్ల బాగోగులు చూసే ఆయన చెవిలో. అవును మరి, పోయినావిడ ఆయన భార్యే.

ఆయన తలొంచుకుని "ఊఁ" అన్నాడు. దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు— అది ఎవరూ ఎత్తనప్పుడు పలకాలని ఆవిడ ఆ ఫోన్లో రికార్డు చేసిపెట్టిన మాట, రోజూ ఇంటి నుంచి ఆ నంబరు కలిపేది ఆయనే. ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెబుతాడు, పాపం!

సెల్లులో రికార్డు చేసుకోవచ్చుగా అంటారేమో. చేసుకున్నాడు. కానీ అది ఉత్తి గొంతు... ఇక్కడైతే ఆవిడే ఫోనెత్తినట్టుండేది.

గోరుచుట్టు మీద రోకలిపోటులా పైనుంచి ఆర్డరొచ్చింది. ఇంటర్నెట్ ఫోన్లన్నిటికీ కొత్త ఫర్మ్‌వేర్, అంటే ఫోన్ని నడిపించే ప్రోగ్రాం, ఎక్కించాలి. లేకపోతే లైను కట్! మిగతా ఫోన్లకి చిటికెలో అయిపోయింది. మూలసీటుది పాతది, లోపలున్నదంతా, ఆవిడ గొంతుతో సహా, తుడిచేస్తే గానీ కొత్తది ఎక్కదు. ఇవాళ, రేపు అంటూ నానబెట్టాడు. గడువు నెత్తిమీదకొచ్చింది.

ఆ సాయంత్రం అందరూ పోయాక ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. ఆఖరిసారి నంబరు కలిపాడు.

"...ఇప్పుడే వస్తా."

"ఆస్పత్రికి పోయేప్పుడూ ఇదే మాటన్నావు కదే," అన్నాడు.

గడప దాటుతూ 'వెళ్తున్నా' అంటే ఆవిడకి మహా పట్టింపు. ఆయన నోరు జారితే వెనక్కి పిలిచి, "వెళ్తా కాదు, వస్తా అనాలి," అని అనిపించి మరీ పంపేది.

బటన్ నొక్కాడు. తెర నల్లబడింది... చిన్న గీత పాకుతూ పాకుతూ నిండింది. ఫోను మళ్లీ వెలిగింది— ఆవిడ పేరు లేదు, గొంతు లేదు. ఆయనకి ఏడుపాగలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, లైటార్పి తలుపుదాకా వచ్చాడు. జేబులో సెల్లు మోగింది. తెరమీద— మూలసీటు నంబరు!

వెనక్కి చూశాడు. కుర్చీ ఖాళీ. రిసీవరు పెట్టింది పెట్టినట్టే ఉంది.

చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు... ఏమీ లేదు... ఆ తర్వాత, మెల్లగా—

"వెళ్తున్నానండీ."

"కాదే... వస్తా అనాలి," అన్నాడాయన. అప్పటికే లైను తెగిపోయింది.