దాలయ్య దాచిన బొమ్మ

యమున చెప్పులు విడవడం కూడా మరిచి డిటెక్టివ్ భీమశంకరరావు గదిలోకి వచ్చేసింది. ఆవిడ కడుపు పట్టుకున్న తీరు చూసి, సహాయకురాలు సింధూరి గబగబా కుర్చీ జరిపింది.

“నాది క్రోన్స్ జబ్బండి. పేగు నాలుగు సోట్ల ఇరుకైపోనాది. రేపు విశాఖలో ఆపరేసను. డాక్టరుగారు ఎర్రపెన్నుతో గీసిచ్చిన పేగు బొమ్మ బీరువాలోంచి పోనాది. నాను ఆపరేసనుకెళ్లడం ఇంట్లో ఎవులికో ఇష్టం నేదు. మా ఆయనే తీసుంటే ఇంక నాకెవులున్నారండి?”

“స్కాన్లు?”

“అక్కడే ఉన్నాయి. బొమ్మ కూడా డాక్టరుగారి కంప్యూటర్లో ఉన్నాదండి.”

“ఆ సంగతి దొంగకు తెలీదన్నమాట,” అన్నాడు భీమశంకరరావు.

విజయనగరం కోట పక్క సందులో యమున ఇల్లు. ముందు గదిలోనే మామగారు దాలయ్య కుట్టుమిషను. పక్కింటి దానమ్మ ఆయన మీద కేకలేస్తోంది.

“నా జాకెట్టు ఎప్పుడు కత్తిరిస్తావు?”

“కొలతల సీటీ ఎక్కడో పడిపోనాది. సీటీ నేందే గుడ్డకి కత్తెరెట్టను. నలబయ్యేళ్ల పద్ధతి నాది.”

యమున భర్త ధర్మేంద్ర తల దించుకునే జవాబులు చెప్పాడు.

“వాయిదా వేద్దామన్నారట?”

“బయ్యమేసి అన్నానండి. కాయితం మాత్రం తియ్యనేదు.”

“డాక్టరు బొమ్మ గీసినప్పుడు ఎవరున్నారు?”

“మేమిద్దరమే. కంప్యూటర్లో ఎక్కించడం కూడా సూసినాం.”

సింధూరికి సారు బుర్ర మీద ఎనలేని గౌరవం. అయినా మనసులో అప్పటికే ధర్మేంద్రకు బేడీలు వేసేసింది, పాపం!

భీమశంకరరావు అందరినీ మిషను చుట్టూ కూర్చోబెట్టాడు. “దొంగ స్కాన్లు వదిలేసి బొమ్మ ఒక్కటే తీశాడు. కంప్యూటరు సంగతి తెలిసిన ధర్మేంద్ర ఆ పని చెయ్యడు. కాగితం లేకపోతే కత్తెర పడదని నమ్మే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే. దాలయ్యగారూ, బొమ్మ ఇచ్చెయ్యండి.”

దాలయ్య మిషను సొరుగు లాగి బొమ్మ తీసిచ్చాడు. “నాలుగేళ్ల కిందట రెండడుగుల పేగు కోసీసినారు బాబూ. ఇప్పుడీ బొమ్మలో నాలుగు ఎర్రగీతలు! గీతెట్టినకాడల్లా కోసీడమే గదా మా పనిలో. ఇంకేటి మిగుల్తాది నా కోడలికి?”

బొమ్మలో గీతలన్నీ పేగు వెంబడి నిలువుగా ఉన్నాయి. భీమశంకరరావు ఒక పాత ఇరుకు చొక్కా చేతిని తీసుకుని నిలువుగా చిన్న చీలిక పెట్టాడు.

“ఈ చీలికను అడ్డంగా లాగి కుట్టండి.”

దాలయ్య కుట్టాడు. అందులోకి రెండు వేళ్లు దూర్చి చూశాడు. సులువుగా దూరాయి.

“ఒదులైపోనాది! గుడ్డ ముక్క కూడా పోనేదు!”

“రేపు పేగుకు చేసేదీ అదే.”

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. “నన్నడగొచ్చు గదా మావా,” అని యమున ఏడ్చేసింది. “రేపు ఆపరేసను కాయితం మీద నానే సంతకం ఎడతాను,” అంటూ ధర్మేంద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

దాలయ్య అరలోంచి మెత్తటి గుడ్డ దించాడు. “ఆపరేసనయ్యాక నడుం బిగవకూడదు. ఒదులు నైటీ కుడతాను.”

దానమ్మ ఊరుకుంటుందా? “మరి కొలతల సీటీయో?”

“నా కోడలికి సీటీ ఏటే!” అని దాలయ్య కత్తెర అందుకున్నాడు.