అంకె లేని మాట

నమ్మకం కొంత తగ్గితే, మనిషి అది పూర్తిగా పోయినట్టు ఎందుకు లెక్కవేస్తాడు? అక్క సలోమి ఎదుట కూర్చున్న ఏలీయా తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇది.

టిఫిన్ వేళ. అందరి కళ్లకూ ఉన్నట్టే సలోమి కళ్లకూ నిలకడదర్శిని అనే పలుచని పొర ఉంది. శాస్త్రం చెప్పిన ప్రతి మాట పక్కనా అది ఒక అంకె చూపుతుంది. ఆ పరిశోధనను ఇతరులు మళ్లీ చేసి చూస్తే ఫలితం వందకు ఎంత నిలిచిందన్నదే ఆ అంకె. కాఫీ జ్ఞాపకశక్తిని పెంచుతుందన్న డబ్బా మీది మాటకు ముప్పై ఒకటి. ఎవరూ పరీక్షించని మాట పక్కన ఏమీ ఉండదు. దర్శినిని రూపొందించిన బృందానికి ఏలీయా పెద్ద.

సలోమికి గుండె లయ తప్పుతుంది. రక్తం గడ్డకట్టకుండా వేసుకోవలసిన మాత్రను ఆదివారం నుంచి మానేసింది. పక్షవాతం రావచ్చని డాక్టరు ఫోన్ చేయడంతో ఏలీయా చీరాల వచ్చాడు.

"తొంభై ఒకటి ఉండేది. ఇప్పుడు డెబ్బై నాలుగు. ఇలా మాట మార్చేవాళ్లను నమ్మి నోట్లో వేసుకోమంటావా?" అంది సలోమి.

"మార్చలేదక్కా. ఇంకా ఎక్కువమంది మీద చూశారు. అనుకున్నంత కాకపోయినా కాపాడుతుందనే తేలింది."

"దాన్నే మార్చడమంటారు." బల్ల మీది చిన్న సీసా చూపింది. "పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. దీని అంకె ఒక్కసారైనా తగ్గిందా?"

"దానికి అంకే లేదుగా! ఎవరూ పరీక్షించలేదు."

"దేవుడికి పరీక్ష పెట్టడానికి నేనేమన్నా హెడ్మాస్టర్నా?" అని నవ్వింది.

ఏలీయాకు నవ్వు రాలేదు. శాస్త్రం తన పొరపాట్లను దాచుకోకపోతే జనం దానిని మరింత నమ్ముతారని అతని బృందం భావించింది. ఖాళీని 'తెలియదు' అని చదువుతారనుకుంది. జనం 'మచ్చ లేదు' అని చదివారు.

"నూనె మానమనడం లేదు. రాసుకో. మాత్ర కూడా వేసుకో."

"మానమన్నది నీ దర్శినే కదరా!"

"దాన్ని అంతగా నమ్ముతావా?"

"ఎందుకు నమ్మకూడదు? దాని పక్కనా అంకె లేదుగా!"

కొలత తనను తాను కొలుచుకోరాదన్న నియమం పెట్టింది ఏలీయానే. అప్పట్లో అది తర్కసమ్మతంగా తోచింది. దర్శినిని ఇతరులు పరీక్షించిన పరిశోధనలు లేకపోలేదు. వాటి ఫలితం మాత్రం ఏ కంటికీ కనబడదు. నియమం తీసేస్తే దేశమంతా చూస్తుంది. ఆ తర్వాత దర్శినిని ఎందరు ఉంచుకుంటారో చెప్పలేడు. అతని జీవితంలో చెప్పుకోదగ్గ పని అదొక్కటే.

"దానికీ అంకె వస్తే ఏం చేస్తావక్కా?"

"తక్కువొస్తే, దాని మాట విని మందు మానేసిన వెర్రిదాన్ని నేనే. డాక్టరమ్మ చెప్పినట్టు వింటాను."

ఏలీయా ఫోన్ తీసి నియమాన్ని తొలగించాడు.

సలోమి కళ్లు చికిలించింది. "అరవై ఎనిమిదా! నా మాత్ర కంటే తక్కువరా తమ్ముడూ!"

"అవునక్కా." మాత్ర తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆమె కళ్లు మూసుకుని దాని మీద చిన్న ప్రార్థన చేసి, నీళ్లు అడిగింది. ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఏలీయా దానిని బోర్లా పెట్టి గ్లాసు నింపాడు.