గ్యాసు గుంట కాడ తుల్సీబాయి

ఈ ముచ్చట నాకు ముందుగాల చెప్పింది కల్యాణ్. లింగాల ఘనపూర్ దిక్కు నుంచి వడ్లగడ్డి కట్టలు ట్రాక్టర్ మీద తెచ్చేటోడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఊర్ల యాదగిరి నోట్ల పడ్డంక అది వేరే కథయింది. యాదగిరి సంగతి నాకెరుకే — తన బిడ్డ పెండ్లిల, అందరు తిన్నంక నన్ను రెండో బంతిల కూసోబెట్టినోడు. అందుకే నేనే రాస్తున్న. నా అక్షరాలు వంకరుంటయి, మాట వంకరుండది.

పెద్దవంగర దాటినంక మా తండాకు పోయే తొవ్వల గ్యాసు కార్ఖానా ఉన్నది. గడ్డి, పెంట కలిపి గుంటల మురుగబెడుతరు. అండ్ల పుట్టిన గ్యాసును కడిగి, బండ్లు నడిచే గ్యాసు చేసి సిలిండర్లల్ల నింపుతరు. ఆ గుంట పక్కపొంటే, పల్లంల, గేటు. పొద్దుగూకినంక ఆ గేటు కాడ ఎవరూ నిలబడరు. పోయిన ఎండకాలం గుంటల సచ్చిన తుల్సీబాయి దెయ్యమయిందట... మనుషులను లోపలికి గుంజుతదట.

తుల్సీబాయి నా చెల్లె. దాని బిడ్డ గీత బడికి పోతే "దెయ్యం బిడ్డొచ్చింది" అని పిల్లలు పక్కకు జరుగుతున్రు. పది దినాల సంది ఆ పిల్ల బడికి పోతలేదు.

కల్యాణ్‌కు ఆమె కనబడ్డ రాత్రి అమాస అంటడు యాదగిరి. కాదు, వెన్నెల ఉండె. అర్ధరాత్రి అంటడు. తొమ్మిదే అయ్యింది. ఎర్ర చీర అంటడు. మా చెల్లె బుద్ధెరిగి చీర కట్టలే, అద్దాల లంగనే.

ఆ రాత్రి గాలి లేదు. ఆకు కదుల్తలేదు. గేటు కాడికి ఎప్పుడొచ్చినా కుళ్ళిన గుడ్ల కంపే, కల్యాణ్ మూతికి తువ్వాల కట్టుకునే వస్తడు. ఆ రాత్రి కూడ మలుపు కాడ కంపు గుప్పున కొట్టింది... గేటు ముందరికొచ్చెసరికి ఒక్కసారే ఆగిపోయింది.

"పీడ పోయిందనుకున్న తాతా" అన్నడు నాతోని. "తువ్వాల తీసేసిన."

కండ్లు మాత్రం మండుతున్నయి.

గేటు గొలుసు ఇప్పుదామని కాలు కింద పెట్టబోయిండు. లైటు వెలుతుర్ల — అద్దాలు మెరిసినయి.

ఆడిమనిషి. గేటుకు, ట్రాక్టర్‌కు నడుమ. రెండు చేతులు అడ్డం చాపి నిలబడ్డది. లంగ అంచు నుంచి నల్లగ నీళ్ళు కారుతున్నయి...

"ఎవరవ్వా?" అన్నడు మెల్లగ.

ఆమె గుసగుసగ ఒక మాటన్నది. మా తండా మాట. కల్యాణ్‌కు మా మాట రాదు. మళ్ళ అన్నది, అదే మాట. మూడోసారి అనుకుంట ముందుకు నడిచింది —

గేరు వెనక్కేసిండు. కట్టలు రాలుతుంటే రాలనిచ్చి, మెట్ట మీది సడక్ ఎక్కెదాక ఆగలే.

తెల్లారి గేటు కాడ రెండు కుక్కలు సచ్చి పడున్నయి. దెబ్బ లేదు, నెత్తురు లేదు. పండుకున్నట్టే ఉన్నయి. కార్ఖానా ఇంజినీరు ప్రియదర్శిని వచ్చి చూసి నాతోని అన్నది.

"రాత్రి గుంట కలబెట్టిన్రు తాతా. విషగాలి పల్లంల నిలిచింది. కొంచెముంటే కంపు కొడుతది. ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతది, ఇగ ఏం తెల్వది. కంపు ఆగినకాడ నిలబడితే మనిషి దక్కడు."

అంటే మా చెల్లె కల్యాణ్‌ను గుంజలే. దిగనియ్యలే.

కల్యాణ్ ఆ తండా మాటను ఉన్నదున్నట్టు నాకు అప్పజెప్పిండు. "దీని మతలబేంది తాతా? మీ మాటనే గదా?"

తెల్వదన్న.

నాకు తెలుసు. "కంపు పోయింది గదన్నా, దిగాల్నా?" — గిది ఆ మాట.

పోయిన ఎండకాలం మహేందర్ అనే కూలి, చిక్కిన గడ్డి తీయ గుంటల దిగిండు. ఎంత పిలిచినా పలుకలే. పెంట బండి తోలుకొచ్చి ఆడ ఉన్నది మేమిద్దరమే. మా చెల్లె మొదటి మెట్టు మీద నిలబడి నన్ను గదే అడిగింది. నలభై ఏండ్లు పెంటకుప్పల నడుమ బతికినోన్ని, నాకు తెల్వనిదేముందనుకున్న.

"పోయింది, దిగు" అన్న.

మహేందర్ లోపల లేనే లేడు. అవతలి దిక్కు ఎక్కి నీళ్ళు తాగ పోయిండు.

ఆమె అడిగింది విన్నది నేనొక్కన్నే. ఇప్పటిదాక ఎవరికీ చెప్పలే.

పంచనామా కాగితంల "ఎవరికీ చెప్పకుండ తనంతల తానే దిగింది" అని ఉన్నది. కింద సంతకం నాదే. సదువొచ్చినోళ్ళు ఎవరన్న ఆ కాగితం దిద్దున్రి. దిగుమన్నది ఆమె అన్న చాంద్యా అని రాయున్రి. రాసి, గీతకు సదివి వినిపియ్యున్రి. నాతోని అయితలేదు.