మూడో గొట్టం

బాపట్లలో శ్రీవిద్య పనిచేసే ల్యాబులో మధ్యాహ్నం మూడు దాటితే ఫ్రిజ్జుల రొద తప్ప మరో చప్పుడుండదు. ఆమె చదువంతా బురద గురించి. నిజాంపట్నం పక్కన మడ అడవుల్లో, మోకాలి లోతు నల్లబురద అడుగున, గాలి సోకని చోట కంటికి కనబడని జీవులు కోటానుకోట్లు కాపురం చేస్తుంటాయి. ఎవరికి ఎవరితో పొత్తు, ఎవరు వదిలింది ఎవరు తింటారు, నీళ్ళలో ఉప్పు పెరిగితే ముందు ఎవరు చస్తారు, ఇదీ ఆమె పరిశోధన. "ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి. సంబంధం చూసుకోవే అంటే పురుగుల కాపురాలు చూస్తానంటుంది" అని తెనాలిలో తల్లి లలితాంబ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది. శ్రీవిద్యా నవ్వేది. పదిరోజుల కిందటి దాకా.

ఆ జీవులకు గాలే విషం. మనకు ప్రాణం పోసే గాలి కాస్త తగిలితే చాలు, వాటి ప్రాణం పోతుంది. అందుకే బురదని పొడుగాటి గొట్టాల్లోకి తీసి, అక్కడికక్కడే మూత బిగించి, ల్యాబుకి తెచ్చి గ్లవ్ బాక్సులో పెడతారు. అదొక పెద్ద అద్దాల పెట్టె. లోపల గాలి బదులు నైట్రోజన్ నింపి ఉంటుంది. ముందువైపు రెండు గుండ్రటి కంతలు, వాటినుంచి లోపలికి వేలాడే రబ్బరు తొడుగులు. బయట నిలబడి ఆ తొడుగుల్లోకి చేతులు దూర్చి, లోపలి పని చేసుకోవాలి. లోపలిది బయటికి రాదు, బయటిది లోపలికి పోదు.

ఇప్పుడా పెట్టెలో రెండు గొట్టాలున్నాయి. ఉండాల్సినవి మూడు.

మూడు అన్నది వాళ్ళ పనిలో శాసనం. ఒకచోట ఒక్క గొట్టమే తీస్తే, అది ఆ చోటు గుణమో ఆ గొట్టం అదృష్టమో ఎవరూ చెప్పలేరు. రెండు తీస్తే, అవి చెరో మాట చెబితే తగువు తీర్చేవాళ్ళుండరు. అందుకని మూడు. ఆరేళ్ళుగా ఆ మూడూ తీసి ఇచ్చినవాడు దాసు.

దాసుది నిజాంపట్నం. తన పడవలో ఆమెను మడ అడవుల్లోకి తీసుకెళ్ళి, బురదలోకి మాత్రం తనే దిగేవాడు. "మీరు దిగితే మిమ్మల్ని లాగడానికి ఇంకో పడవ కావాలమ్మా" అని ఆటపట్టించేవాడు. గొట్టం అందించిన ప్రతిసారీ "చాలామ్మా?" అని అడగడం అతని అలవాటు. ఆ రోజు కూడా రెండోది అందించి అదే మాట అడిగాడు. అప్పటికే పోటు మొదలైంది. నీళ్ళు మడచెట్ల వేళ్ళ మీదికి పాకుతున్నాయి. శ్రీవిద్య చూసింది. చూసి కూడా "ఇంకొక్కటి దాసన్నా" అంది.

మూడో గొట్టం తీసుకుని మళ్ళీ వెళ్ళాడు. ఈసారి నడుం దాకా దిగబడ్డాడు. తర్వాత చంకల దాకా. ఆమె తెడ్డు చాచింది, అందలేదు. అరిచింది, ఆ అడవిలో వినేవాళ్ళెవరు? పోటు నీళ్ళు తొందరేమీ లేనట్టు నెమ్మదిగా వచ్చి అతని తలని కప్పేశాయి. నీళ్ళు తగ్గాక ఊరివాళ్ళు వచ్చి వెతికితే అక్కడ మనిషి లేడు. పదిరోజులైంది, శవం దొరకలేదు.

అడిగినవాళ్ళందరితో శ్రీవిద్య ఒకటే చెప్పింది. "కాలు జారిందండి."

ఆ మధ్యాహ్నం దాసు భార్య శేషమ్మ రెండు బస్సులు మారి, ల్యాబు వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"రేపు పదకొండో రోజమ్మా. శవం లేదు, కాల్చలేదు, కలపడానికి బూడిద లేదు. మనిషి దొరక్కపోతే చివరిసారి కాలు పెట్టిన మట్టి తెచ్చి నీళ్ళలో కలపాలని మావాళ్ళు చెబుతారు. అది కలిపేదాకా ఆయన అక్కడే ఊపిరాడక కొట్టుకుంటా ఉంటాడంట."

"మరి... అక్కడికెళ్ళి తెచ్చుకోలేరా అక్కా?"

"పదిరోజుల పోటూ పాటూ తిన్న చోటమ్మా అది. ఆ మట్టి ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది. ఆ రోజుది మీ దగ్గరే ఉంది. ఆయన చేత్తో తీసిందంట కదా? కొంచెం ఇవ్వండమ్మా. గుప్పెడు చాలు."

శ్రీవిద్యకు ప్రొఫెసర్ విజయసారథి మాట గుర్తొచ్చింది. "రెండు ఉన్నాయి కాబట్టి ఎలాగో సర్దుదాం. ఒక్కటే మిగిలితే ఆరేళ్ళ కష్టం గంగపాలు." మూత తీస్తే లోపలివన్నీ చస్తాయి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. గొట్టం చేతికిస్తే, రెండే ఉన్నాయేంటని ఈమె అడుగుతుంది. అడిగితే మూడోదాని సంగతి చెప్పాలి. ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది నాలుక చివరే ఉంటుంది.

"లేదక్కా. అవి పాడైపోయాయి. పారేశాం."

శేషమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "అట్టాగా అమ్మా" అంది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని శ్రీవిద్యకు అనిపించింది.

ఇక ఆ గొట్టాలను దాచుకోబుద్ధి కాలేదు. ఇవాళే బురదని చిన్న సీసాల్లోకి పంచేస్తే, గొట్టమన్నదే మిగలదనుకుంది. మునిమాపువేళ ఒక్కతే గ్లవ్ బాక్సు ముందు నిలబడి, తొడుగుల్లోకి మోచేతుల దాకా చేతులు దూర్చింది. మొదటి గొట్టం మూత తిప్పింది.

కరెంటు పోయింది.

ఫ్రిజ్జులు ఒక్కొక్కటే ఆగాయి. నైట్రోజన్ పంపు ఆగింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె ఎప్పుడూ వినని నిశ్శబ్దం అది. కిటికీలోంచి కొద్దిపాటి వెలుతురు వస్తోంది. జనరేటరు వేస్తారులే అనుకుని కదలకుండా నిలబడింది. అప్పుడు వాసన వచ్చింది. కుళ్ళిన గుడ్డు వాసన, మడ అడవి బురద వాసన. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. కానీ బురద పెట్టె లోపల ఉంది. లోపలి వాసన బయటికి రాకూడదు.

అద్దం మీద ఏదో తెల్లగా కనబడింది. ఆవిరి. చలికాలం అద్దానికి దగ్గరగా ఊపిరి వదిలితే పట్టే ఆవిరి. తనదే అనుకుని తుడవబోయి, చేతులు తొడుగుల్లో ఉన్నాయని భుజంతో రుద్దింది. పోలేదు. అది లోపలివైపు ఉంది.

తగ్గింది... మళ్ళీ పట్టింది... మళ్ళీ తగ్గింది.

ఊపిరి.

గాలే లేని చోట.

శ్రీవిద్య చేతులు బయటికి లాక్కుంది. ఎడమ చెయ్యి వచ్చింది. కుడిది రాలేదు. రబ్బరు మీదనుంచి ఒక చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. గట్టిగా కాదు. పడవలోకి ఎక్కేవాళ్ళు ఆసరాకి పట్టుకున్నట్టు. చల్లగా... బరువుగా... మెల్లగా కిందికి.

అద్దం అవతలనుంచి, నోట్లో నీళ్ళు నిండినవాడు మాట్లాడినట్టు, చిన్నగా...

"చాలామ్మా?"

పైప్రాణాలు పైనే పోయాయి. అయినా ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమె గుండె కోసేసింది. చనిపోయాక కూడా ఆ మనిషి పని పూర్తయిందా లేదా అనే అడుగుతున్నాడు. ఆ రోజు అనాల్సిన మాట పదిరోజులు ఆలస్యంగా ఏడుస్తూ అంది.

"చాలన్నా... చాలు. ఇంకొద్దు... వచ్చెయ్ దాసన్నా..."

పట్టు వదిలింది. కరెంటు వచ్చింది. పెట్టెలో రెండు గొట్టాలు, ఖాళీ తొడుగులు, పొడిగా ఉన్న అద్దం. శ్రీవిద్య నేలమీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

రెండు గొట్టాలూ సంచిలో పెట్టుకుని రాత్రికి తెనాలి చేరింది. తెల్లవారుజామునే రేపల్లె బండి ఎక్కింది. భట్టిప్రోలులో ఎక్కిన కూలీలు "కాస్త జరగమ్మా" అంటే జరిగింది గానీ, ఒళ్ళోని సంచి మాత్రం కింద పెట్టలేదు. ఆరేళ్ళ చదువు ఆ సంచిలో ఉంది. దాని మీద ఇప్పుడు మమకారం లేదు. రేపల్లెలో బస్సెక్కి నిజాంపట్నం చేరేసరికి ఎండ ముదిరింది.

శేషమ్మ ఒడ్డునే ఉంది. వట్టి కుండ పక్కన పెట్టుకుని కూర్చుంది. శ్రీవిద్య గొట్టాలు ఆమె ముందు పెట్టి, కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"కాలు జారలేదక్కా. చాలామ్మా అని అడిగాడు. నీళ్ళొస్తున్నాయని చూసి కూడా ఇంకొక్కటి తెమ్మని నేనే పంపాను. నిన్న మీకూ అబద్ధం చెప్పాను."

శేషమ్మ సముద్రంకేసి తిరిగింది.

"తెలుసమ్మా. పడవలో పుట్టినోడు. ఆయన కాలు జారదు" అంది. "మీ నోటితో చెబుతారేమోనని నిన్న వచ్చా."

గొట్టాలు తనే అందుకుని మూతలు తీసింది. శ్రీవిద్య సాయం పట్టబోతే, "వద్దమ్మా, మీరు ముట్టుకోకండి. ఇది నా పని" అంది. బురదంతా కుండలోకి ఒంపి, దాన్ని చంకనెత్తుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి, కుడిచేత్తో గుప్పెడు తీసి నీళ్ళలో ముంచింది. ముంచిన చెయ్యి పైకి రాలేదు.

"పట్టుకున్నాడమ్మా" అంది. ఆ ముఖంలో భయం లేదు. పదకొండు రోజుల తర్వాత మొగుడి చెయ్యి దొరికిన ఆడదాని ముఖం అది.

పోటు తిరిగింది. నీళ్ళు ఆమె నడుం దాకా వచ్చాయి. శ్రీవిద్య పరుగున దిగి, రెండు చేతులతో ఆమె నడుం పట్టుకుని లాగింది. శేషమ్మ కదల్లేదు. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి.

"అక్కా... వచ్చెయ్యక్కా... నీ కాళ్ళు పట్టుకుంటా..."

శేషమ్మ నీళ్ళలోకి వంగి, పక్కనే పడుకున్న మనిషితో చెప్పినట్టు గుసగుసగా అంది. "పోయి రావయ్యా. నేనెట్టాగో బతుకుతాలే. నా గురించి దిగులు పెట్టుకోమాక."

ఆమె చెయ్యి పైకి తేలింది. కుండ ఎప్పుడో నీళ్ళపాలైంది. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని, పడుతూ లేస్తూ ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడ్డారు. శేషమ్మ అరచెయ్యి విప్పి చూపించింది. శుభ్రంగా ఉంది.

"నన్నొదిలేశాడమ్మా" అని, అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయిన నాటినుంచి రాని ఏడుపు. శ్రీవిద్య ఆమెను దగ్గరికి తీసుకుంది. ఇద్దరి బట్టలూ ఒంటిమీదే ఆరిపోయాయి.

చాలాసేపటికి శేషమ్మ తెరిపిన పడి, ముఖం తుడుచుకుని, శ్రీవిద్యకేసి వింతగా చూసింది.

"అమ్మా... ఆ కుడి చెయ్యి ఎందుకట్టా ముడుచుకున్నారు?"

శ్రీవిద్య చూసుకుంది. పెట్టెలో దాసు పట్టుకున్న చెయ్యే అది. పిడికిలి బిగుసుకుని ఉంది. విప్పబోయింది. వేళ్ళు రాలేదు. ఎడమ చేత్తో ఒక్కొక్క వేలూ లాగింది. రాలేదు. శేషమ్మ ఆ పిడికిలి అందుకోబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

బురదని శ్రీవిద్య ముట్టుకోనేలేదు. ఎండకి ఇసుక కాలిపోతోంది. ఆ వేళ్ళ సందుల్లోంచి మాత్రం నల్లటి నీళ్ళు, ఒక్కొక్క చుక్కే, కారుతూనే ఉన్నాయి.