మంచుఖండానికి పిడికెడు బియ్యం

"ముందు చెయ్యేసింది నేనండి."

"చెయ్యెవరైనా వేస్తారండి. అవసరం ఎవరిదో చూడాలి."

రాజోలు బజారులో కేశవరావు గారి కొట్టులో ఎర్ర ఊలు ఉండల పొట్లం ఒకటే ఉంది. దాని ఒక కొస హన్నా చేతిలో, రెండో కొస ఎవరో పొడుగాటి యువకుడి చేతిలో ఉన్నాయి. బయట నవంబరు ముసురు. ఇద్దరి గొడుగుల నీళ్లూ కారి కొట్టంతా తడిసిపోతోంది. కోనసీమలో ఊలు కొనేవాళ్లు ఏడాదికి ఒకరొస్తే గొప్ప. ఒకే పూట ఇద్దరొచ్చేసరికి కేశవరావు గారు ఎవరికి అమ్మాలో పాలుపోక కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

హన్నా రాజోలు మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మనిషి సన్నమే గానీ మాట గట్టిది. రెండేళ్లు హిమాలయాల్లో ఓ కొండమీది ఆసుపత్రిలో పనిచేసి, ఈ మధ్యే సొంత ప్రాంతానికి వచ్చింది.

"పుట్టిన పిల్లలకి టోపీలల్లాలండి. ముసురుకి వార్డంతా చల్లబడిపోయింది. మీకెందుకండీ ఊలు? ఈ ఊరి చలికి గడ్డకట్టుకుపోతారా ఏంటి?"

"ఈ ఊళ్లో కాదండి. దక్షిణ ధ్రువం వైపు వెళ్తున్నానండి. ఓడలో."

హన్నా అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, బురద కొట్టుకున్న హవాయి చెప్పులు.

"దక్షిణ ధ్రువమే! ఓడ ఎక్కడెక్కుతారండీ? సోంపల్లి పడవ రేవులోనా?"

"గోవాలోనండి."

"గొప్పలు చెప్పుకోడానికి ఊలెందుకండీ? నోరుంటే చాలు కదా."

కొట్టులో ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. అతని ముఖం కందిపోయింది. అయినా పొట్లం మర్యాదగానే వదిలేశాడు.

"పసిపిల్లలకన్నారు కాబట్టి వదిలేనండి. లేపోతే ధ్రువం దాకా లాగేవాణ్ణి," అని గొడుగు విప్పుకుని వానలోకి దిగిపోయాడు.

గెలిచినది హన్నాయే. కానీ అతను పోతూ పోతూ నవ్విన నవ్వు ఆ సాయంత్రం అల్లిన ప్రతి టోపీలోనూ అడ్డొచ్చింది.

ఆసుపత్రివాళ్లు నెలకో పల్లెలో చర్చికి వెళ్లి, ఆరాధన అయ్యాక మందులిచ్చి వస్తారు. ఆ ఆదివారం మామిడికుదురు దగ్గర పేట వంతు. ఆఖరి పాట అవగానే పాస్టరు దేవసహాయం గారు చెయ్యెత్తి అందర్నీ కూర్చోమన్నారు.

"మన ఎలీసమ్మ గారబ్బాయి ఇస్సాకు విశాఖపట్నంలో వాతావరణం ఆఫీసులో పని చేస్తున్న సంగతి మీకు తెలిసిందే. మన దేశం అంటార్కిటికా మంచుఖండానికి ఓడలో పంపే జట్టులోకి మనవాణ్ణి తీసుకున్నారు. అక్కడ గాలీ చలీ కొలిచే పని ఇతనిది. లే నాన్నా, నించో."

లేచి నిలబడ్డది హవాయి చెప్పులాయన. చర్చి చప్పట్లతో మోగిపోయింది. ఊరివాళ్ల పొలాల్లో మోకాల్లోతు బురదలో నాట్లేసి నడుములు వంగిపోయిన ముసలమ్మలు, ఆ నడుములు పట్టుకునే లేచి మరీ చప్పట్లు కొట్టారు. హన్నా మాత్రం పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బయటికి రాగానే ఎలీసమ్మ దారికాసింది. "వందనాలు సిస్టరమ్మా! మీరు మంచులో ఉండొచ్చేరంట. మావాడి సామాను ఓసారి చూసిపెట్టాలండి. మాకు చలంటే ముసురుచలే తెలుసు."

వెనక ఇస్సాకు నవ్వు ఆపుకుంటున్నాడు. "ఓడ ఏ రేవులో ఎక్కాలో కూడా సిస్టరు గారికి తెలుసమ్మా."

"తప్పు నాదేనండి," అంది హన్నా తలెత్తి. "కానీ ఆ చెప్పులేసుకుని ధ్రువమంటే ఎవరు నమ్ముతారండీ?"

"ఆయ్, అదీ నిజమేనండి."

ఎలీసమ్మ ఇంట్లో ట్రంకు పెట్టె మూతపడటం లేదు. పక్కన ఇంకో గోనె సంచి. పేటలో ప్రతి ఇల్లూ ఇస్సాకు కోసం ఏదో ఒకటి తెచ్చి పడేసింది. హన్నా చాపమీద కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీసింది. మంకీ క్యాపులు, రగ్గులు, ఆవకాయ జాడీ, ఎండుచేపల మూట, కొబ్బరినూనె డబ్బా. అన్నిటికీ అడుగున తాటాకు విసనకర్ర.

"ఇదెవరిచ్చేరండీ?"

"నేనేనమ్మా," అంది ఎలీసమ్మ వదినగారు జయమ్మ. "అక్కడిప్పుడు ఎండాకాలమని మావాడే చెప్పేడు."

"ఎండాకాలమేనత్తా. సూర్యుడు అస్తమించడు. అయినా నీళ్లు గడ్డ కడతాయి," అన్నాడు ఇస్సాకు.

"అస్తమించకపోతే పడుకునేదెప్పుడురా నువ్వు?" అంది తల్లి బెంగగా.

హన్నా నవ్వింది. తర్వాత నర్సు గొంతుతో మొదలుపెట్టింది. "నూలు బనీను ఒంటికి అంటుకుని ఉండకూడదండి. చెమట పడితే తడి ఆరదు, ఆ తడే చలి పట్టిస్తుంది. ఒక లావాటి స్వెట్టరు కాదు, పల్చటివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేసుకోవాలి. వేడెక్కితే ఒకటి తీసేసుకోవచ్చు. మేజోళ్లు ఎన్నుంటే అన్ని పట్టుకెళ్లండి. బూటులో వేళ్లు ఆడాలి, బిగిసిపోతే రక్తం ఆడదు. మంచుమీద ఎండ కళ్లు మాడ్చేస్తుంది, నల్ల కళ్లద్దాలు మర్చిపోకండి. పెదాలకి వాజిలైను."

"కొబ్బరినూనె ఉందిగా సిస్టరమ్మా?"

"అది సంక్రాంతి చలికే పేరుకుపోతుంది కదండీ. అక్కడ రాయైపోతుంది. గునపం కూడా పంపాలి."

ఇస్సాకు పకపకా నవ్వాడు. "ఓడ సంగతీ చెప్పండి."

"ఓడ మీకు తెలియాలి."

"దక్షిణానికి పోయేకొద్దీ సముద్రం ఇంటిపైకప్పంత లేస్తుందంటండి. సామాను తాళ్లతో కట్టేయాలి, మనుషులు మంచాల్ని పట్టుకుని పడుకోవాలి."

"కడుపు ఖాళీగా ఉంచుకోకండి. శొంఠి, ఉప్పేసి ఎండబెట్టిన ఉసిరికాయ దగ్గరుంచుకోండి. ఈ రెండూ తీసుకెళ్లండి. మిగతావి..."

అక్కడే చిక్కొచ్చిపడింది. పెద్ద కోటూ బూట్లూ గోవాలో జట్టువాళ్లే ఇస్తారు. సొంత సామాను ఒక్క సంచి, అంతే. మిగిలినదంతా ఇంట్లో ఉండిపోవాలి. గుమ్మంలో నిలబడి వింటున్న పెద్దాయన అబ్బులు గారి ముఖం వాడిపోయింది.

"అయితే నా గొడుగు పట్టుకెళ్లడన్నమాట. కొత్తదమ్మా అది. ఒక్క వానకీ తడవలేదు. మన పేట వస్తువొకటి ఆ నేల తొక్కితే చాలనుకున్నాను."

ఒకరి వస్తువు తీసుకుని ఇంకొకరిది వదిలేస్తే పేటంతా ఏడాదిపాటు మొహాలు తిప్పుకుంటుంది. అంతకన్నా, ఇస్సాకు వెళ్లడమంటే ఒక్క ఇస్సాకు వెళ్లడం కాదు. ఈ పేట దాటి ఎరగని వాళ్ల తాతలు, తాతమ్మలు, అందరూ ఆ ఓడెక్కుతున్నారు. ఆ సంగతి హన్నాకి గుండెలో తగిలింది. తన తాతా నాట్లేసినవాడే.

ఆమె కళ్లు పొయ్యి పక్కనున్న చిన్న కుండమీద పడ్డాయి. పేటలో ఆడవాళ్లు అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేస్తారు. అది చర్చికి. ఇంట్లో ఎంత లేమి ఉన్నా ఆ పిడికెడు మాత్రం తప్పదు.

"ఇంటికో పిడికెడు బియ్యం వెయ్యండి," అంది హన్నా. "అన్నీ ఒకే సంచిలో. క్రిస్మసు నాడు ఆ మంచుమీద మన పేట అన్నం ఉడకాలి. ఒక్క ఇల్లు కూడా వదిలిపోదు."

అబ్బులు గారు గొడుగు చంకలో పెట్టుకుని, "ఆయ్! అదీ మాట!" అన్నారు. ఇస్సాకు మాత్రం హన్నావైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటండీ అలా చూస్తారు?"

"అందరూ మిమ్మల్ని సిస్టరు గారంటారు కదండీ. నాకు మాత్రం ఆ పిలుపు నోటికి రావట్లేదండి."

హన్నా గబగబా మంకీ క్యాపులు మడత పెట్టసాగింది. అవి అప్పటికే మడతపెట్టి ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం ఎలీసమ్మ వాకిట్లో హన్నా గుడ్డసంచి పట్టుకుని నిలబడింది. ఆడవాళ్లు వరుసగా వచ్చి పిడికిళ్లు విప్పారు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, కొత్తవి, పాతవి. ఒక్కొక్కరూ వేసేటప్పుడు ఇస్సాకు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆఖరికి ఎలీసమ్మ ఇల్లే మిగిలింది.

ఎలీసమ్మ తన బియ్యం కుండ తెచ్చి హన్నా ముందు పెట్టింది. "మా ఇంటి పిడికెడు నువ్వు వెయ్యమ్మా."

పిడికెడు బియ్యం ఆ ఇంట్లో వండే ఆడమనిషే తియ్యాలి. ఆ కుండలో చెయ్యి పెట్టమంటే ఏమిటో అందరికీ తెలుసు. జయమ్మ అప్పుడే ముసిముసిగా నవ్వుతోంది.

హన్నాకి ఆ కుండలో చెయ్యి పెట్టాలనే ఉంది. అది దాచుకోవడానికి లేదు, చెవులు వేడెక్కిపోయాయి. కానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకుంది.

"ఏ ఇంటి పిడికెడు ఆ ఇంటి మనిషే వెయ్యాలి కదండీ ఎలీసమ్మ గారూ. నేనీ ఇంటి మనిషినవ్వాలంటే ముందు నన్నడగాలి. అడగాల్సినవాళ్లు అడగలేదండి."

అందరి కళ్లూ ఇస్సాకు మీదికి మళ్లాయి. అతను ఒక అడుగు ముందుకేశాడు.

"అడగాలని నాలుక చివరిదాకా వచ్చిందండి. కానీ మంచులో ఓడ చిక్కుకుంటే మళ్లీ ఏడాదిదాకా రాలేకపోవచ్చు. మాట తీసుకుని మిమ్మల్ని కట్టిపడేసి వెళ్లడం పద్ధతి కాదండి. వచ్చేక అడుగుతాను."

"వచ్చేకే చెబుతాను," అంది హన్నా.

ఎలీసమ్మ కొడుకునీ హన్నానీ మార్చి మార్చి చూసింది. "అయితే మా ఇంటి పిడికెడు అందాకా ఆగుతుంది," అని సంచి మూతి ముడేసింది. తన చేత్తో మాత్రం వెయ్యలేదు.

తెల్లవారి ఇస్సాకు ఎక్కిన రాజమండ్రి బస్సు కదలబోతుంటే, హన్నా యూనిఫారంలోనే పరుగెత్తుకొచ్చింది. కిటికీలోంచి ఒక ఎర్ర గ్లౌజు అందించింది. ఒక్కటే. ఐదు వేళ్లూ ఉబ్బి ఉన్నాయి, మూతి దారంతో కట్టేసి ఉంది.

"పిల్లల టోపీలకి పోను ఒక చేతికే ఊలు మిగిలిందండి. లోపల బియ్యం. మీ ఇంటివి కావు. నేను క్వార్టర్సులో వండుకునేవి."

"రెండో చెయ్యి చలికి ఏమైపోవాలండీ?"

"జేబులో పెట్టుకోండి. తిరిగొచ్చేదాకా."

బస్సు వెళ్లిపోయింది. హన్నా వార్డుకి ఆలస్యంగా వెళ్లి, జీవితంలో మొదటిసారి చివాట్లు తిని కూడా నవ్వుకుంది.

క్రిస్మసు దాటాక రేడియో వార్తల్లో ఓడ పండక్కి ముందే మంచుఖండం చేరిందన్నారు. పేటలో మళ్లీ కేకులు పంచారు. హన్నా నైట్ డ్యూటీలో, డే డ్యూటీలో, గాలి వీచిన ప్రతిసారీ ఇప్పుడక్కడ ఇది ఎంత కోస్తోందో అనుకునేది. ఓడ చిక్కుకుపోతేనో అన్న భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఇస్సాకు వచ్చాడు. ముక్కూ బుగ్గలూ నల్లగా మాడి, మనిషి చిక్కి, కళ్లు మాత్రం వెలిగిపోతూ. కృతజ్ఞత కూడికకి ఎలీసమ్మ వాకిట్లో పందిరి వేశారు. పేటంతా దిగింది. ఆసుపత్రివాళ్లూ వచ్చారు.

"వండేమండి," అన్నాడు ఇస్సాకు. "క్రిస్మసు నాడు డేరాలో. మంచు కరగబెట్టిన నీళ్లతో. రకరకాల బియ్యం కదండీ, సగం ముద్దైంది, సగం పలుకుగానే ఉండిపోయింది. వంటాయన నన్ను తిట్టని తిట్టు లేదు. ఇదెక్కడి బియ్యమని పెద్ద సైంటిస్టు అడిగేరు. మా పేటలో ప్రతి ఇంటిదీనని చెప్పేను. ఆయన టోపీ తీసేసి తిన్నారండి. ఆ చలిలో! ఒక్క మెతుకు వదల్లేదు ఎవరూ."

ముసలమ్మలు కొంగులతో కళ్లొత్తుకున్నారు. "పలుకుగా ఉన్నవి మావి కావు!" అని అబ్బులు గారు అరిచారు. పందిరంతా నవ్వింది. హన్నాకి అతను చెప్పిన ప్రతి మాటా తన సొంతమైనట్టే అనిపించింది.

ఇస్సాకు జేబులోంచి ఎర్ర గ్లౌజు తీశాడు. ఐదు వేళ్లూ అలాగే ఉబ్బి ఉన్నాయి.

"ఇది మాత్రం వండలేదండి. నా కోటు లోపలే ఆ మంచంతా తిరిగొచ్చింది." అతను నడిచొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "హన్నా గారూ, ఇప్పుడడుగుతున్నానండి. ఈ బియ్యం మా ఇంటి కుండలో వేస్తారా?"

ఆమె అతని ముఖం చూసింది. తర్వాత కాళ్లు చూసింది.

"ధ్రువం చూసొచ్చేరు గానీ, ఆ హవాయి చెప్పులు మాత్రం మార్చలేదండి మీరు."

"మార్చమంటే మారుస్తానండి."

"అక్కర్లేదు. ఈసారి నమ్ముతాను."

హన్నా గ్లౌజు తీసుకుని, తలెత్తుకుని పందిరి మధ్యనుంచి వంటింట్లోకి నడిచింది. మూతిదారం విప్పి, ఐదు వేళ్లలోని బియ్యమూ ఎలీసమ్మ కుండలోకి వంపింది. చెయ్యి పెట్టి బాగా కలిపింది. తనవేవో, వాళ్లవేవో ఇంక తెలియలేదు. అప్పుడు పిడికెడు తీసి, పక్కనున్న చర్చి కుండలో వేసింది.

"ఎసరు పెట్టండి అత్తయ్యగారూ," అంది గుమ్మంవైపు తిరిగి. "ఇవాళ వంట నాది."